సంబంధం లేని అధికారి

ఉప్పులంక సర్వసత్తాక గణరాజ్యం పొడవు మూడు మైళ్లు, వెడల్పు మైలున్నర. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వెడల్పు మైలుంబావే. జనాభా పదకొండు వందల ముప్ఫై ఎనిమిది. దేశం చిన్నదే గానీ దర్జాకేం తక్కువ లేదు. జెండా ఉంది, జాతీయ గీతం ఉంది, పదకొండు మంత్రిత్వ శాఖలున్నాయి. పదకొండూ ఒకే వసారాలో ఉన్నాయి కాబట్టి రేవుల మంత్రి తుమ్మితే మిగిలిన పది శాఖలూ సంతకాలు ఆపి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ మొదలుపెట్టాలి.

ఆ దేశం మొత్తమ్మీద పేరుతో పిలిపించుకునే మనిషి ఒక్కడే. వాడు గంగాళం.

మిగతావాళ్లకు పేర్లు లేక కాదు. ఓటర్ల జాబితాలో అందరికీ ఉన్నాయి. కానీ నాలుగు వీధుల దేశంలో ఎవరికి ఎవరు కానివాళ్లు? ఒకడు బావ, ఒకడు బాబాయి, ఒకామె వదిన, ఇంకొకామె పెద్దత్త. పిలుపులన్నీ వరసలే. గంగాళం సంగతి వేరు. ముప్ఫయ్యేళ్ల కిందట పెద్ద తుపాను వెలిసిన పొద్దున ఒక ఇత్తడి గంగాళం రేవులోకి కొట్టుకొచ్చింది. అందులో ఏడాది పిల్లాడు బొటనవేలు చీకుతూ కూర్చున్నాడు. ఊరూ పేరూ చెప్పే వయసు కాదు. గంగాళంలో వచ్చాడు కాబట్టి గంగాళం అన్నారు, అదే ఖాయమైపోయింది.

దేశమంతా కలిసి వాణ్ణి పెంచింది. రోజుకో ఇంట్లో అన్నం పెట్టారు, జ్వరమొస్తే కషాయం పోశారు, పండక్కి బట్టలు కుట్టించారు. వరస మాత్రం ఎవరూ కలపలేదు. ద్వేషం ఉండి కాదు, పక్కింటివాళ్లు కలుపుతారులే అని ప్రతి ఇల్లూ ఊరుకుంది. పెళ్లి జరిగితే మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొస్తాడు, ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది, బావమరిది ఏడిపిస్తాడు. గంగాళం నీళ్లు మోస్తాడు. "ఒరే గంగాళం, ఇంకో నాలుగు బిందెలు!" అని కేకేస్తే మోసేవాడు. మామూలు రోజుల్లో పడవల పగుళ్లకు తారు పూసుకుని బతికేవాడు. ఇంటికి చేరాక ఎప్పుడైనా వాడు తనలో తనే "బావా" అని ఒకసారి అనుకుని చూసుకునేవాడు, ఆ మాట నోట్లో ఎలా ఉంటుందోనని.

అలాంటివాడు దేశభద్రతకు ఆధారం కావడానికి కారణం నాలుగు బాతులు.

అధ్యక్షులు పాపయ్యగారి బాతులు పోయాయి. కాజేసింది అప్పలకొండ అని దేశమంతటికీ తెలుసు. వాడి పెరట్లో ఈకలు ఎగురుతున్నాయి. అప్పట్లో ఉప్పులంకకు సైన్యం, పోలీసు అని రెండు లేవు. ఆరుగురు మనుషులు, ఆరు టోపీలు. టోపీ ఆకుపచ్చవైపు పెట్టుకుంటే సైన్యం, తిరగేసి ఎర్రవైపు పెట్టుకుంటే పోలీసు. పెద్ద జవాను ఎర్రయ్య టోపీ తిరగేసి, వారంటు పట్టుకుని, మిట్టమధ్యాహ్నం అప్పలకొండ ఇంటికి వెళ్లాడు. చిక్కేమిటంటే అప్పలకొండ ఎర్రయ్యకు పిల్లనిచ్చిన మామ.

"అయ్యో అయ్యో, అల్లుడుగారు ఎండనపడి వచ్చారు!" అని అత్తగారు కాళ్లకు నీళ్లిచ్చింది. పీట వేసింది. గారెలు వేసింది. గారెల్లోకి కూర కూడా వేసింది. ఎర్రయ్య తిని, చేయి కడుక్కుని, ఒక కునుకు తీసి, సాయంత్రానికి తిరిగొచ్చి నివేదిక రాసిచ్చాడు. "ఇల్లంతా వెతికితిని. బాతులు లేవు. సాయంత్రానికి అసలు లేవు."

పాపయ్యగారికి ఒళ్లు మండింది. చిన్న దేశాల పెద్ద సంస్థకు ఉత్తరం రాశారు. అక్కణ్ణుంచి ఒక నిపుణుడు పొద్దుటి లాంచీలో దిగి, కొబ్బరి బోండం తాగి, సాయంత్రం లాంచీలో వెళ్లిపోయాడు. రెండు నెలలకు రెండు వందల పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. దాన్ని ఆసాంతం చదివినవాడు ఒక్కడే, రక్షణ మరియు అంతర్గత భద్రతా కార్యదర్శి దక్షిణామూర్తి. ఆయన మామూలు మాటను మామూలుగా అనడు. ఆకలేస్తే "జఠరాగ్ని దృష్ట్యా తగు చర్య తీసుకోవలసియున్నది" అంటాడు. భార్య అన్నం పెడుతుంది.

"నివేదికా సారాంశం ఏమనగా," అని ఆయన వసారాలో లేచి నిలబడ్డాడు. "మనిషి బంధువుల కోసం ప్రాణమిచ్చును. కావున సైన్యమందు బంధువులే ఉండవలెను. మనిషి బంధువుల కోసం కళ్లు మూసుకొనును. కావున అంతర్గత భద్రతా దళమందు బంధువు అనేవాడు మచ్చుకైనా ఉండరాదు."

"అంటే ఎర్రయ్య?" అన్నారు పాపయ్యగారు.

"ఎర్రయ్యకు నాలుగు వందల పన్నెండు మంది దగ్గరి బంధువులు. అతణ్ణి సేనాపతిని చేయవలెను."

అందరికీ సబబుగానే తోచింది. మరి బంధువులు లేనివాణ్ణి ఎక్కణ్ణుంచి తేవడం? అందుకోసం వరసల జనగణన జరిపారు.

ఉప్పులంకలో వరసలకు పుస్తకం లేదు, సన్యాసమ్మ ఉంది. ఆమెకు ఎనభై అయిదేళ్లు. ఏ ఇద్దర్ని నిలబెట్టినా మూడు మాటల్లో చుట్టరికం తేల్చేస్తుంది. వసారాలో ఆమెకు కుర్చీ వేశారు, జనం వరుస కట్టారు. రేవుల మంత్రికీ చేపల మంత్రికీ పదేళ్లుగా మాటల్లేవు. తమకే సంబంధమూ లేదని ఇద్దరూ ప్రమాణం చేయబోయారు.

"నోర్ముయ్యండి," అంది సన్యాసమ్మ. "మీ తాత రెండో పెళ్లి చేసుకున్న చుక్కమ్మ, వీడి అమ్మమ్మకి పినతల్లి కూతురు. నువ్వు వీడికి బావవి. బావవి కాబట్టే పడిచావట్లేదు. పొండి, సైన్యంలో చేరండి."

ఎనిమిది రోజులు సాగింది జనగణన. వరుసలో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లు మోసింది గంగాళమే. మోస్తూ మోస్తూ వాడూ వరుస చివర నిలబడేవాడు. పదకొండు వందల మందిని కలిపిన ముసలమ్మ, తనకూ ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని వాడి ఆశ. ఎనిమిదో రోజు పొద్దువాలే వేళకు వాడి వంతు వచ్చింది. సన్యాసమ్మ కళ్లు చిట్లించి వాణ్ణి చాలాసేపు చూసింది. చెవులు చూసింది, అరికాళ్లు చూసింది.

"వీడు ఎవరికీ ఏమీ కాడు," అంది. ఆ మాట అనడానికి ఆమెకూ బాధగానే ఉంది.

గంగాళం తల దించుకున్నాడు. దక్షిణామూర్తి మాత్రం కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అద్భుతం! నిర్బంధువు! జాతీయ సంపద! వీణ్ణి ఎవరూ ముట్టుకోకండి!"

మర్నాడు సన్నాయి వాయిస్తూ ఊరేగించి వాడి నెత్తిన ఎర్రటోపీ పెట్టారు. జనానికి టోపీ పెట్టడం ప్రభుత్వాలకు కొత్త కాదు గానీ, అంత బాహాటంగా, మేళతాళాలతో పెట్టడం ఉప్పులంకలో అదే మొదలు. అంతర్గత భద్రతా దళం డైరెక్టర్ జనరల్ వాడే, ఇన్‌స్పెక్టరు వాడే, కానిస్టేబులూ వాడే. పొద్దున్నే డైరెక్టర్ జనరల్ హోదాలో ఆజ్ఞ రాసి, ఇన్‌స్పెక్టరు హోదాలో అందుకుని, కానిస్టేబులు హోదాలో "చిత్తం" అనేవాడు.

మిగిలిన దేశమంతా సైన్యంలో చేరింది. మొదటి కవాతు చూడ్డానికి దేశంలో ప్రేక్షకుడు మిగల్లేదు, గంగాళం తప్ప. సేనాపతి ఎర్రయ్య మైదానం మధ్య నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"దళం! కుడివైపు తిరు..." అని ఆగిపోయాడు. ముందు వరుసలో మామగారు అప్పలకొండ నిలబడి ఉన్నాడు. మామగారిని తిరుగు అంటే నాలుక పడిపోదూ? "తిరగండి మావయ్యగారూ, మీకు వీలైతే," అన్నాడు.

రెండో వరుసలో అత్తగారు అల్లుడు ఎదురుగా ఉన్నాడని కొంగు కప్పుకుని చెట్టు చాటుకు వెళ్లింది. ఆమె వెనకాల అత్తల దళం మొత్తం కదిలింది. మూడో వరుసలో ఎర్రయ్య సొంత అల్లుడున్నాడు, వాడు తిరగనన్నాడు. "అల్లుడుగారిని ఎండలో నిలబెట్టి తిరగమనడం ఏం మర్యాద?" అని వియ్యపురాలు వరుసలోంచే అడిగింది. ఇంతకూ స్త్రీల పటాలం సగమే వచ్చింది. మిగతా సగాన్ని ఎవరూ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదట. పిలవని యుద్ధానికి ఎలా వస్తాం అన్నారు. దక్షిణామూర్తి లెక్కవేసి ఫైల్లో రాసుకున్నాడు. "ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుచుటకు తొమ్మిది దినములు పట్టును. దాడికి వచ్చు శత్రువు తొమ్మిది దినములు ముందుగా తెలియజేయవలెను."

సైన్యం సంగతి అలా ఉంచి ఆయన అసలు సమస్య మీద పడ్డాడు. ఉన్నది ఒక్క నిర్బంధువు. రేపు ఎవరైనా వీడితో వరస కలిపితే? ఒక్కరు కలిపినా చాలు, సన్యాసమ్మ లెక్కన మిగతా పదకొండు వందల ముప్ఫై ఆరు మందీ సాయంత్రానికల్లా చుట్టాలవుతారు. అంతర్గత భద్రత అంతటితో సరి. అందుకని వరస నిషేధ చట్టం తెచ్చారు. తొమ్మిదో సెక్షన్ ప్రకారం అంతర్గత భద్రతా దళాన్ని అన్నా అని గాని, తమ్ముడూ అని గాని, మరే వరసతో గాని పిలవడం దేశద్రోహం. నిషిద్ధ పదాలు అరవై నాలుగు, అనుబంధంలో అకారాది క్రమంలో ఇచ్చారు. "అత్తకొడుకు"తో మొదలై "వియ్యంకుడు"తో ముగుస్తుంది.

మొదటి ముద్దాయి సన్యాసమ్మ. ఆమె మనిషినే కాదు, పిల్లినీ, గడపకు తగిలిన కాలివేలినీ కూడా "నాయనా" అంటుంది. నాయనా నిషిద్ధ పదం, క్రమసంఖ్య ముప్ఫై ఆరు. నోటీసు పట్టుకుని గంగాళమే వెళ్లాడు.

"ఏంటిది నాయనా?" అంది ముసలమ్మ.

"నోటీసండి. నన్ను నాయనా అనకూడదని."

"నాకు చదువు రాదు కదా నాయనా, నువ్వే చదువు."

చదివాడు. ఆమె శ్రద్ధగా విని, "ఇంక అననులే నాయనా. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి నాయనా?" అంది. ఆ ఒక్క నోటీసు ఇచ్చి వచ్చేసరికి ఏడు కొత్త నేరాలు నమోదయ్యాయి. నమోదు చేస్తున్నంతసేపూ గంగాళానికి లోపల ఎక్కడో చల్లగా ఉంది. ఆ సంగతి మాత్రం డైరెక్టర్ జనరల్‌కు నివేదించలేదు.

చట్టం ముదురుతున్నకొద్దీ దక్షిణామూర్తికి కొత్త భయాలు పుట్టాయి. ఎవరింట్లోనైనా తింటే ఉప్పు సంబంధం పుడుతుందని వాడికి ఇళ్లల్లో అన్నం మాన్పించారు. గోడ మీద విస్తరి పెట్టి గంట కొట్టేవారు, పెట్టినవాళ్లు వెళ్లిపోయాక వాడు వచ్చి తినేవాడు. జనం మధ్య కాపురం పనికిరాదని ఊరి చివర ఉప్పు మళ్ల అవతల పాక వేయించారు. చివరికి ఫైళ్ల మీద పడ్డారు. "ఈ విషయమై సంబంధిత అధికారికి పంపవలసినది" అని పదకొండు శాఖలూ రాసుకుంటూ పోతున్నాయి. సంబంధిత అంటే సంబంధం ఉన్నవాడనేగా! అంతర్గత భద్రతా దళాన్ని ప్రభుత్వమే సంబంధిత అంటే చట్టం ఏం కావాలి? ఇకపై అన్ని ఫైళ్లలోనూ "సంబంధం లేని అధికారి" అని రాయాలని ఉత్తర్వులు వచ్చాయి. ఇబ్బందేమీ కలగలేదు. ఫైళ్లు మొదట్నుంచీ వెళ్తున్నది అక్కడికే.

ఇన్ని కట్టుదిట్టాలు చేసిన దక్షిణామూర్తి ఒక్క చోట ఏమరుపాటు పడ్డాడు. అది ఆయన సొంత మేనకోడలు నూకరత్నం నడిపే పిండిమర.

నూకరత్నానికి ఇరవయ్యారేళ్లు. జుట్టునిండా పిండి, నోటినిండా మాట. మర బెల్టు జారినప్పుడల్లా సరిచేయడానికి గంగాళం వెళ్లేవాడు. టోపీ పెట్టకముందు నుంచీ ఆ బెల్టు వారానికోసారి జారేది. పెట్టాక రోజూ జారడం మొదలుపెట్టింది. సన్యాసమ్మ తప్ప దేశమంతా వాణ్ణి పేరుతో పిలిస్తే నూకరత్నం మాత్రం పేరు పెట్టి పిలిచేది కాదు. "ఇదిగో" అనేది. "ఇదిగో, నిన్నే" అనేది. ఇదిగో అన్నది నిషిద్ధ పదం కాదని గంగాళం అనుబంధం రెండుసార్లు చదివి చూసుకున్నాడు.

ఒకనాడు మర ఆపి ఆమె అడిగింది. "ఇదిగో, ఆ పాకలో ఒక్కడివీ ఎన్నాళ్లుంటావు?"

"దేశానికి అవసరమున్నన్నాళ్లంటండి."

"నీకేం అవసరం లేదేంటి?"

వాడు సరిగ్గానే ఉన్న బెల్టును ఇంకోసారి బిగించాడు. తర్వాత, "ఉందండి," అన్నాడు. "నన్ను కూడా ఎవరైనా ఏదైనా అనాలని ఉందండి. చిన్నప్పట్నుంచీ ఉంది."

నూకరత్నం పిండిచేతులు దులుపుకుని, తిన్నగా వసారాకు వెళ్లి, అంతర్గత భద్రతా దళాన్ని పెళ్లాడటానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టేసింది.

దేశం గగ్గోలెత్తింది. మంత్రివర్గం అత్యవసరంగా సమావేశమైంది. బయట ముంగిట్లో సైన్యం మొత్తం, అంటే దేశం మొత్తం, బొట్టు పిలుపు లేకుండానే వచ్చి నిలబడింది. నిఘా విభాగం సలహాదారు హోదాలో సన్యాసమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక పక్క నూకరత్నం, ఎదురుగా ఎర్రటోపీతో గంగాళం.

"ఈ విచారణ ముగియువరకు నేను మేనమామను కాను, కార్యదర్శిని," అని దక్షిణామూర్తి మొదలుపెట్టాడు. "మహాశయులారా, ఈ పెళ్లి జరిగిన మరుక్షణం అంతర్గత భద్రతా దళమునకు అత్తమామలు, బావమరుదులు, తోడల్లుళ్లు కలిపి పదకొండు వందల పైచిలుకు బంధువులు సంక్రమింతురు. ఒక్క తాళితో ఒక దళము దళమే నశించుట ప్రపంచ చరిత్రలో లేదు."

"మధ్యేమార్గం లేదంటావా?" అన్నారు పాపయ్యగారు. ఆయన మెత్తని మనిషి, బాతుల విషయంలో తప్ప.

చేపల మంత్రి లేచాడు. "డెప్యుటేషన్ మీద పెళ్లి చేద్దాం. ఆరు నెలలు చూసి, దేశంలో దొంగతనాలు పెరిగితే అమ్మాయిని మాతృశాఖకు తిప్పి పంపుదాం."

"అలాక్కాదు," అన్నాడు రేవుల మంత్రి, బావ చెప్పింది ఒప్పుకోకూడదు కాబట్టి. "అమ్మాయే తన బంధువులందరికీ రాజీనామా ఇవ్వాలి. పదకొండు వందల ముప్ఫై ఆరు మంది దగ్గర, ఈ పిల్ల మాకేమీ కాదని ధ్రువపత్రాలు తేవాలి."

"తెస్తాను," అంది నూకరత్నం. "ముందు మా అమ్మ దగ్గరికి మీరు రండి, ఎలా అడగాలో చూపిద్దురుగాని."

రేవుల మంత్రి కూర్చున్నాడు. నూకరత్నం తల్లి ముంగిట్లోనే ఉంది, చేతిలో చేట ఉంది.

దక్షిణామూర్తి చట్టం పుస్తకం తెరిచాడు. "చర్చ అనవసరం. అంతర్గత భద్రతా దళముతో వరస కలపబూనుట తొమ్మిదో సెక్షన్ కింద నేరము. దరఖాస్తే సాక్ష్యము. అంతర్గత భద్రతా దళము ముద్దాయిని అదుపులోకి తీసుకొనవలెను."

వసారా అంతా గంగాళం వంక చూసింది. వాడి చేతిలో సంకెళ్లున్నాయి, ఇంతవరకూ ఎవరికీ వేయనివి. డైరెక్టర్ జనరల్ ఆజ్ఞ ఇవ్వాలి, ఇన్‌స్పెక్టరు అందుకోవాలి, కానిస్టేబులు చిత్తమనాలి. వాడికి ఆ ముగ్గురిలో ఒక్కడి గొంతూ పెగల్లేదు. దేశం తనకు అన్నం పెట్టింది, నిజమే. ఉద్యోగమిచ్చింది, అదీ నిజమే. ఈ పని చేయకపోతే ఆ పాకా ఉండదు, గోడ మీది విస్తరీ ఉండదు. చేస్తే ఇంక జన్మలో ఎవరూ తనను ఇదిగో అని కూడా అనరు.

"అమ్మాయీ," అన్నారు పాపయ్యగారు నెమ్మదిగా. "ఒక్క మాట చెప్పు, వదిలేద్దాం. ఇతను నీకేమీ కాడని చెప్పు. లేదూ, ఏమవుతాడో ఆ వరస చెప్పు, కేసు రాస్తారు. రెండింటిలో ఒకటి."

నూకరత్నం మేనమామ వంక చూడలేదు. పైట సర్దుకుని, గంగాళం వైపు సగం తిరిగి, నేల వంక చూస్తూ పిలిచింది.

"ఏవండీ. పొద్దెక్కింది. ఇంటికెళ్దాం పదండి."

ముంగిట్లో పదకొండు వందల మంది ఒక్కసారిగా మెట్ల దగ్గరికి జరిగారు. ఆ పిలుపు ఏమిటో ఉప్పులంకలో తెలియని ప్రాణి లేదు. ప్రతి ఇంట్లోనూ రోజుకు నలభైసార్లు వినబడేదే.

"కేసు రాయండి!" అన్నాడు చేపల మంత్రి.

"ఏ పదం కింద?" అని దక్షిణామూర్తి అనుబంధం తిరగేశాడు. అత్తకొడుకు నుంచి వియ్యంకుడి దాకా వేలు పెట్టి చూశాడు. కింది నుంచి పైకి మళ్లీ చూశాడు. అరవై నాలుగు పదాల్లోనూ ఏవండీ లేదు. "ఇది... ఇది వరస కాదు," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "సంబోధన మాత్రమే."

"అయితే ఇప్పుడే చేర్చు, అరవై అయిదోది."

"చేర్చిన యెడల," అన్నాడు దక్షిణామూర్తి నీరసంగా, "రేపటి నుంచి ఈ వసారాలో పని నడవదు. ఏవండీ ఫైలెక్కడ, ఏవండీ సంతకం పెట్టండి, ఏవండీ రేపు రండి. మనము రోజంతా అనునది అదే కదా."

"మనం అనేది వేరు, ఆ పిల్ల అన్నది వేరు! ఆ సాగదీత మీరు వినలేదా?"

సాగదీత ఎంత పొడవుంటే నేరమో తేల్చడానికి ఉపసంఘం వేద్దామన్నాడు రేవుల మంత్రి. నమూనాకని ఇద్దరు మంత్రులు ఒకరినొకరు ఏవండీ అని రెండు రకాలుగా పిలుచుకుని చూశారు. ముంగిట్లో నవ్వులు మొదలయ్యాయి. పాపయ్యగారు చేయెత్తి ఆపి, సన్యాసమ్మను అడిగారు. "పెద్దత్తా, నువ్వు చెప్పు. ఏవండీ అన్నది వరసా, కాదా?"

"వరస కాదు నాయనా," అంది సన్యాసమ్మ. "వరసలన్నీ దాంట్లోంచే పుడతాయి."

గంగాళం ఇవేవీ వినడం లేదు. ఆ పిలుపు దగ్గరే వాడి చెవులు ఆగిపోయాయి. ముప్ఫయ్యేళ్లుగా ఎదురుచూసిన మాట ఇలా ఉంటుందని వాడు అనుకోలేదు. ఎవరైనా బావా అంటారేమో, తమ్ముడూ అంటారేమో అనుకున్నాడు గానీ, దేశమంతా చూస్తుండగా "అండీ" అంటారని కలలో కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలంటే చేతిలో సంకెళ్లున్నాయి. వాటిని బల్ల మీద పెట్టాడు. పక్కనే టోపీ తీసి పెట్టాడు. ఉద్యోగంలో నేర్చుకున్న జవాబు "చిత్తం". అది నాలుక చివరి దాకా వచ్చింది గానీ వాడు దాన్ని మింగేశాడు.

"ఊఁ," అన్నాడు. "పద, వస్తున్నా."

ఇద్దరూ వసారా మెట్లు దిగారు. సైన్యం మధ్యలో దారి ఇచ్చింది. ఆ సైన్యం ఇంత క్రమశిక్షణతో కదలడం అదే మొదటిసారి.

ముందుగా నోరు తెరిచింది సేనాపతి ఎర్రయ్య. "బాగున్నావా తమ్ముడూ?" అన్నాడు, రోజూ చూస్తున్నవాణ్ణే. అది దేశద్రోహం. పక్కనే వాళ్లావిడ "మరిదిగారూ, రేపు మా ఇంట్లో భోజనం" అంది. అదీ దేశద్రోహమే. ఆపైన ఆగలేదు. బావా అని ఒకరు, అన్నయ్యా అని ఒకరు, బాబాయ్ అని కొందరు, ఏం వరసో తోచక ఊరికే "ఓయ్ చుట్టం!" అని కొందరు. ఇన్నాళ్లూ పక్కింటివాళ్లు కలుపుతారని ఊరుకున్న ఇళ్లన్నీ ఇప్పుడు పక్కింటివాళ్లకంటే ముందు కలపాలని తోసుకుంటున్నాయి. వీధి మలుపు తిరిగేసరికి ఉప్పులంక జనాభాలో సగానికి పైగా తొమ్మిదో సెక్షన్ కింద నేరస్థులయ్యారు. గంగాళం ఒక్కొక్కరికీ తలూపుతూ నడుస్తున్నాడు. మొహం ఎలా పెట్టుకోవాలో వాడికి తెలియడం లేదు.

వెనకనుంచి కార్యదర్శి దక్షిణామూర్తి పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో కాగితముంది. అంతర్గత భద్రతా దళం మూడు హోదాల్లోనూ ముందస్తు అనుమతి లేకుండా విధులు వదిలిపోరాదని, ప్రత్యామ్నాయ నిర్బంధువు దొరికేవరకు యథాస్థానంలో ఉండాలని అందులో రాశాడు. అందివ్వాలంటే వాణ్ణి ఆపాలి. ఆపాలంటే పిలవాలి. ఏమని పిలవడం? డైరెక్టర్ జనరల్ గారూ అందామంటే టోపీ బల్ల మీద ఉంది. గంగాళం అందామంటే మేనకోడలి మొగుణ్ణి పేరు పెట్టి నడివీధిలో అరవడానికి పెంపకం అడ్డొచ్చింది. రెండడుగులు వేశాడు, ఆగాడు, ఇంకో నాలుగడుగులు వేశాడు. వాళ్లు మలుపు తిరిగిపోతున్నారు.

"ఆగు! ఆగవయ్యా!" అని, ఇంకేమీ దొరక్క, గుండె నిండా గాలి పీల్చి అరిచాడు. "అల్లుడూ!"

వీధి వీధంతా ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. చట్టం రాసినవాడు నోటి మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. అల్లుడు, నిషిద్ధ పదం, క్రమసంఖ్య నాలుగు. నిజాయితీపరుడు కాబట్టి కాసేపటికి చేయి తీసి, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తల వంచుకుని అన్నాడు. "నేరం జరిగినది. కేసు రాసుకో."

గంగాళం వెనక్కి తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"రాసేవాడు ఉద్యోగం మానేశాడు, మావయ్యా," అన్నాడు.

వాడు జన్మలో ఇంకో మనిషిని ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ఒక్క క్షణం ఆగి చూశాడు, ఎవరైనా కాదంటారేమోనని. ఎవరూ కాదనలేదు. దక్షిణామూర్తి ఏదో ఆఫీసు భాషలో అనబోయి, మానేసి, పైకండువాతో ముందు తన మొహం, తర్వాత అల్లుడి మొహం తుడిచాడు. "ఎండలో నిలబడ్డావేంరా," అన్నాడు, మామూలు మనుషులు మాట్లాడే భాషలో. "ఇంటికి పద. మీ అత్త వంట చేసి ఉంటుంది."